ఎం.పి.సి. నుంచి యార్క్ ఎవెన్యూ దాకా

న్యూయార్క్‌లో మొదటిసారి దిగేవాళ్లు వీలైతే టాక్సీ మాట మరిచిపోయి సబ్‌వేలోనే ఊళ్లోకి రండి. జె.ఎఫ్.కె. ఎయిర్‌పోర్టులో ఎయిర్‌ట్రెయిన్ ఎక్కి జమైకా స్టేషన్లో దిగి, అక్కడ ఇ రైలు పట్టుకుంటే మాన్‌హాటన్ నడిబొడ్డుకి వచ్చేస్తారు. నేను వచ్చింది ఆగస్టు చివర్లో. ఉక్కపోత అచ్చం మా కాకినాడలో ఉన్నట్టే ఉంది, భూమి కింద ప్లాట్‌ఫాం మీద ఇంకాస్త ఎక్కువ. రైల్లో అడుగు పెడితే మాత్రం ఏసీకి వణుకు. ఒక స్టేషన్లో రైలు మారాలి. ఆవకాయ, కందిపొడి, కుక్కరు, పుస్తకాలు కుక్కిన పెట్టెలతో మెట్ల కింద నిలబడ్డాను. వెనకనుంచి వచ్చిన ఒకాయన పెట్టె రెండో చివర పట్టుకుని పైదాకా మోసి, అక్కడ దించి, నేను థాంక్స్ చెప్పేలోపే జనంలో కలిసిపోయాడు. సికింద్రాబాద్ స్టేషన్లో అయితే ముందు కూలీతో బేరం జరిగేది, ఆ బేరంలోనే మాదే ఊరో, ఎక్కడికి వెళ్తున్నానో అన్నీ బయటికొచ్చేవి. ఇక్కడ చెయ్యి వేస్తారు, మాట కలపరు. నాకు అదీ నచ్చింది, ఇదీ నచ్చింది.

మాన్‌హాటన్ తూర్పు అంచున, ఈస్ట్ రివర్‌కి దగ్గరగా, ఉత్తర దక్షిణాలుగా సాగే రోడ్డు యార్క్ ఎవెన్యూ. అడ్డంగా వచ్చే వీధులకు అంకెలే పేర్లు: 63, 64, 65... మా ఊళ్లో అడ్రసు చెప్పాలంటే భానుగుడి జంక్షన్ నుంచి మొదలుపెట్టి, ఒక సినిమా హాలు, ఒక గుడి, ఒక మెడికల్ షాపు దాటించాలి. ఇక్కడ రెండు అంకెలు చెబితే చాలు. ఇంత తేలికైన ఊళ్లో ఎవరైనా ఎలా తప్పిపోతారు అనుకున్నాను. వీధుల్లో తప్పిపోలేదు నిజమే. బిల్డింగుల్లో తప్పిపోయాను.

నేను చేరింది కెమికల్ బయాలజీ పీహెచ్‌డీలో. దీన్ని ఒక యూనివర్సిటీ కాదు, మూడు సంస్థలు కలిసి నడుపుతాయి: రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ, మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్, కార్నెల్ వారి వైద్య కళాశాల వైల్ కార్నెల్. మూడూ ఆ ఒక్క రోడ్డు మీదే, పదినిమిషాల నడకలో ఉన్నాయి. పొద్దున ఒకచోట క్లాసు, మధ్యాహ్నం ఇంకోచోట ల్యాబు, సాయంత్రం మూడోచోట సెమినార్. ఒక తలుపు తోస్తే ల్యాబ్, పక్క తలుపు తోస్తే ఆస్పత్రి. మొదటి క్లాసుకి వెళ్తూ నేను తేలింది రోగులు కూర్చునే హాల్లో. తలకు స్కార్ఫు కట్టుకున్న ఒక పెద్దావిడ నా చేతిలో మ్యాపు చూసి, తనే లేచి వచ్చి లిఫ్టు దాకా తోడొచ్చింది. "ఏం చదువుతున్నావు?" అని అడిగితే చెప్పాను. "అయితే త్వరగా చదువు" అంది నవ్వుతూ. ఆ హాలు దాటకుండా క్లాసుకి వెళ్లే దారి ఇంకొకటి ఉందని తర్వాత తెలిసింది. అయినా నేను ఆ హాల్లోంచే వెళ్తున్నాను.

రాక్‌ఫెల్లర్ గేటు దాటితే లోకమే వేరు. పెద్ద పెద్ద ప్లేన్ చెట్లు, వాటి నీడలో రాళ్లు పరిచిన బాటలు, సగం గుడ్డు బోర్లించినట్టున్న ఆడిటోరియం. బయట అంబులెన్సుల మోత, లోపల పిట్టల కూత. నేను చదివిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నెమళ్లు, బండరాళ్లు, ఒక హాస్టల్ నుంచి ఇంకో హాస్టల్‌కి సైకిలు ప్రయాణం. ఈ క్యాంపస్ మొత్తం మా సైన్స్ బ్లాకుల వైపు ఒక మూలలో ఇమిడిపోతుంది. చోటు చాలక వీళ్లు ఏం చేశారో చూడండి: నది ఒడ్డున పోయే ఎఫ్.డి.ఆర్. హైవే నెత్తి మీదే ల్యాబులు కట్టేశారు. ముందే తయారుచేసిన ఉక్కు భాగాలను నది మీద పడవల్లో తెచ్చి క్రేన్లతో ఎత్తి బిగించారు. 2019లో తెరిచారు. పైన ప్రోటీన్ల పని జరుగుతుంటే కింద కార్లు పరుగెడుతుంటాయి.

కానీ ఆ క్యాంపస్‌లో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది కట్టడాలు కాదు. అక్కడ డిపార్ట్‌మెంట్లు లేవు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ అని గాని, జువాలజీ డిపార్ట్‌మెంట్ అని గాని బోర్డు కనపడదు. ప్రొఫెసరు పేరు, ల్యాబు, అంతే. మనకి ఇది ఎంత వింతో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పదో తరగతి రిజల్ట్ వచ్చిన వారంలోనే మన ఇళ్లలో ఒక ప్రశ్న లేస్తుంది: ఎం.పి.సి.యా, బై.పి.సి.యా? పదిహేనేళ్ల పిల్లల్ని కూర్చోబెట్టి అడిగే ప్రశ్న అది. కప్పను కోయడం ఇష్టం లేదన్నానని నన్ను ఎం.పి.సి.లో వేశారు. లెక్కలంటే భయమన్నందుకు నా స్నేహితురాలిని బై.పి.సి.లో వేశారు. ఆ రోజుతో నాకు జీవకణం దూరమైంది, తనకి సమీకరణం దూరమైంది. తర్వాత బీఎస్సీ, ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ. ఎక్కడా ప్రాణమున్న పదార్థం ఒక్కటి నా చేతికి రాలేదు. అందులో వింత ఒకటుంది: కెమిస్ట్రీ రెండు గ్రూపుల్లోనూ ఉంది. ఒకే పుస్తకం, ఒకే లెక్చరర్, ఒకే పీరియాడిక్ టేబుల్. గోడకి చెరో వైపు కూర్చుని అదే పాఠం విన్నాం, గోడ అవతల ఏం చెబుతున్నారో వినలేదు. కెమికల్ బయాలజీ పుట్టిందే ఆ గోడ ఉన్నచోట.

ఇంతకీ ఇది బయోకెమిస్ట్రీకి ఇంకో పేరా అని అందరూ అడుగుతారు, మా నాన్నతో సహా. నాకు అర్థమైన తేడా చెబుతాను. శరీరంలో ఉన్న రసాయనం ఎలా నడుస్తుందో చూసేది బయోకెమిస్ట్రీ. ఇక్కడ ముందు ప్రకృతిలో లేని అణువునొకదాన్ని మనం తయారుచేస్తాం, దాన్ని కణంలోకి పంపుతాం, అది దేన్ని పట్టుకుందో, పట్టుకుంటే కణం ఏం చేసిందో చూస్తాం. అణువే మన ప్రశ్న. కాబట్టి ప్రశ్న అడిగేవాళ్లకి అణువు కట్టడమూ రావాలి, కణాన్ని చదవడమూ రావాలి. ఒకటి నాకొచ్చు, రెండోది మీకొచ్చు అని పంచుకుంటే మధ్యలో జారిపోయేది ఎక్కువ. ఇది నేను ఇక్కడికొచ్చాక నమ్మిన విషయం.

మొదటి ఏడాది ఏ ల్యాబ్‌లోనూ స్థిరంగా చేరనివ్వరు. మూడు ల్యాబుల్లో కొన్ని నెలల చొప్పున పనిచేసి చూడాలి, దాన్ని రొటేషన్ అంటారు. మన దగ్గర గైడ్ దొరకడమే గొప్ప, దొరికాక ఐదేళ్లు ఆయన నీడ దాటం. ఇక్కడ మీరు ల్యాబును చూస్తారు, ల్యాబు మిమ్మల్ని చూస్తుంది. ఇద్దరికీ నచ్చితేనే చేరతారు. ఇంకో సంగతి, ప్రొఫెసర్లను పేరు పెట్టి పిలవాలి. తలపండిన మనిషిని, పాఠ్యపుస్తకంలో పేరున్న మనిషిని! సార్ అనకుండా వాక్యం పూర్తిచేయడం నా నోటికి చాలా కాలం రాలేదు.

నా మొదటి రొటేషన్ అలవాటైన చోటే: సింథసిస్ ల్యాబు. గాజు తలుపున్న ఫ్యూమ్ హుడ్, గిరగిర తిరిగే రోటావేపర్, సిలికా కాలమ్, టి.ఎల్.సి. ప్లేటు మీద యూవీ దీపం కింద మెరిసే చుక్క. కళ్లు మూసుకుంటే గచ్చిబౌలిలో, మా యూనివర్సిటీలో ఉన్నట్టే. రెండో రొటేషన్‌లో మాత్రం నన్ను ఇంకో రకం హుడ్ ముందు కూర్చోబెట్టారు, కణాలను పెంచే హుడ్. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి: స్టీలు గూడు, గాజు తలుపు, హోరుమనే గాలి. కానీ పని తిరగబడింది. కెమిస్ట్రీ హుడ్‌లో గాలి నా వైపు నుంచి లోపలికి పోయి పైకి వెళ్లిపోతుంది, విషవాయువులు నాకు తగలకుండా. ఇక్కడ ఫిల్టరైన గాలి పైనుంచి కణాల మీదికి దిగుతుంది, నా చేతి మీది సూక్ష్మజీవి కణాలకు తగలకుండా. అక్కడ ఆ పదార్థం నుంచి నన్ను కాపాడతారు. ఇక్కడ నా నుంచి ఆ ప్రాణాన్ని కాపాడతారు. ఏళ్ల తరబడి గ్లవ్స్ తొడుక్కున్నదాన్ని, ఈసారి తొడుక్కుని వాటి మీద ఆల్కహాలు చల్లుకుంటూ ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను.

నాకు ఆ పని నేర్పింది ఒక నెల్లూరు అక్క. బై.పి.సి. చదివి, బయోటెక్నాలజీ చేసి, ఇక్కడ పోస్ట్‌డాక్‌గా ఉంది. "అమ్మాయ్, పిపెట్‌ని అంత గట్టిగా నొక్కబాక. కణాలు నురగ తట్టుకోలేవు" అంటుంది. ఫ్లాస్కులో గులాబీ రంగు ద్రవం, దాని అడుగున పరుచుకున్న మనిషి కణాలు. మైక్రోస్కోపులో చూస్తే సాగిన ముగ్గు చుక్కలు. ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో పెడతాం, మన ఒంటి వేడి అదే కదా. ఆదివారమైనా వచ్చి చూడాలి. నా పాత రసాయనాలు సీసాలో ఆరునెలలు పడుంటాయి, ఏమీ అడగవు. వీటికి మేత కావాలి, చోటు కావాలి. గులాబీ రంగు పసుపైతే ద్రవం పుల్లబడిందని, మేత మార్చమని అర్థం.

ఆ ల్యాబులో ప్రతి బల్ల మీదా ఉండే సీసా ఒకటుంది: డి.ఎం.ఎస్.ఓ. కెమిస్టులకు అది ఒట్టి ద్రావకం, అణువును కరిగించడానికి. బయాలజీ వాళ్లకు కణాలను ద్రవ నైట్రోజన్‌లో దాచేటప్పుడు కలిపే ద్రవం. పద్దెనిమిదిన్నర డిగ్రీలకే గడ్డకట్టేస్తుంది. కాకినాడలో నేను దాన్ని ఎన్నడూ గడ్డగా చూడలేదు. ఇక్కడ డిసెంబరులో కిటికీ పక్కన పెట్టిన సీసా తెల్లవారేసరికి తెల్లటి గాజుముద్ద. అరచేతుల మధ్య పెట్టుకుంటే మెల్లగా కరుగుతుంది. ఆ సీసా కథ ఈ ఊరిదే, వినండి.

1971లో షార్లట్ ఫ్రెండ్ అనే శాస్త్రవేత్త, ఇదే న్యూయార్క్‌లో, ఎలుకల ల్యుకేమియా కణాల మీద పనిచేస్తూ చూసిందేమిటంటే, డి.ఎం.ఎస్.ఓ. వేస్తే ఆ క్యాన్సర్ కణాలు పెరగడం మాని హీమోగ్లోబిన్ తయారుచేయడం మొదలుపెట్టాయి. ఎర్రబడ్డాయి. అంటే ఎదగడం మరిచిపోయిన కణం తిరిగి ఎర్ర రక్తకణమయ్యే దారి పట్టింది. ద్రావకానికి అంత పనెందుకు వచ్చింది? ఆ ప్రశ్నని పట్టుకుని పాల్ మార్క్స్ అనే వైద్యుడు, కొలంబియా యూనివర్సిటీలో రొనాల్డ్ బ్రెస్లో అనే కెమిస్టు కలిశారు. డి.ఎం.ఎస్.ఓ. బలహీనం, చాలా ఎక్కువ పోయాలి. అలాంటి చిన్న అణువుల్ని రెంటిని కార్బన్ గొలుసుతో జోడిస్తే? బలం పెరిగింది. ఒక కొస మారిస్తే? ఇంకా పెరిగింది. మార్క్స్ తర్వాత స్లోన్ కెటరింగ్‌కి అధ్యక్షుడై వచ్చాడు, పని ఆగలేదు. చివరికి వచ్చిన అణువు వోరినోస్టాట్. చర్మంలో వచ్చే ఒక రకం లింఫోమాకు మందుగా 2006లో అమెరికాలో అనుమతి దొరికింది. అందులో నాకు ఎక్కువ నచ్చిన మలుపు ఇది: ఆ అణువు కణంలో దేన్ని పట్టుకుంటోందో వాళ్లకు చాలా కాలం తెలియదు. డి.ఎన్.ఏ. చుట్టుకుని ఉండే హిస్టోన్ల మీది ఎసిటైల్ గుంపుల్ని తీసేసే ఎంజైముల్ని అది ఆపుతోందని తర్వాత తేలింది. ముప్పై అయిదేళ్ల ఈ కథలో కెమిస్టు లేకపోతే డి.ఎం.ఎస్.ఓ. దగ్గరే ఆగిపోయేవాళ్లం. కణాలు చూసేవాళ్లు లేకపోతే ఆ ఎరుపే కనపడేది కాదు.

ఇంకో కథ రాక్‌ఫెల్లర్‌ది. బ్రూస్ మెరిఫీల్డ్ అనే ఆయన పెప్టైడ్లు, అంటే చిన్న ప్రోటీన్ గొలుసులు, కట్టాలనుకున్నాడు. అప్పటి పద్ధతిలో ఒక్కో ఎమినో ఆమ్లం తగిలించినప్పుడల్లా వచ్చినదాన్ని వేరుచేసి శుద్ధి చేయాలి, ప్రతిసారీ కొంత పోతుంది. ఆయనేం చేశాడంటే మొదటి ఎమినో ఆమ్లాన్ని కరగని ప్లాస్టిక్ పూస ఒకదానికి కట్టేశాడు. మా అమ్మమ్మ మల్లెదండ కట్టేటప్పుడు దారం ఒక కొసను కిటికీ ఊచకి ముడేసేది. పూలెన్ని జారిపోయినా దారం మాత్రం ఎక్కడికీ పోదు. ఇదీ అంతే: గొలుసు పూసనంటుకుని ఉంటుంది, మిగిలినవి కడిగి పారేయొచ్చు, మళ్లీ ఇంకొకటి తగిలించొచ్చు. 1963లో ఆ పేపరు వచ్చింది, ఆ తర్వాత ఆ పని యంత్రమే చేసుకుపోయేలా చేశారు, 1984లో ఆయనకు నోబెల్ వచ్చింది. నా మూడో రొటేషన్ ల్యాబులో మూలన ఉన్న యంత్రం రాత్రంతా ఒంటరిగా టకటకమంటూ పెప్టైడ్ కడుతుంటుంది. పొద్దున వచ్చేసరికి ముప్పై ఎమినో ఆమ్లాల గొలుసు సిద్ధం. దాన్ని పూసల నుంచి విడగొట్టి, ఈథర్ పోయగానే తెల్లటి పొడి అడుగుకి దిగుతుంటే చూడాలి.

అక్కడే నేను ఎప్పటికీ మరిచిపోలేని ప్రయోగం చేశాను. కణాలు తమ పైపొరకు చక్కెరలు తొడుక్కుంటాయి. మనం కాస్త మార్చిన చక్కెరను, ఒక మూల అజైడ్ అనే మూడు నైట్రోజన్ల చిన్న పిడి తగిలించినదాన్ని, వాటి మేతలో కలుపుతాం. కణం దాన్ని తన చక్కెరే అనుకుని వాడుకుని బయటి పొర మీద తొడుక్కుంటుంది. ఆ పిడి ఒంట్లోని దేనితోనూ కలవదు. తర్వాత దానికి జోడీ అయిన అణువును, వెలుగు అంటించి, పోస్తాం. ఆ రెండూ మాత్రమే ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కుంటాయి. 2022 నోబెల్ కెరొలిన్ బెర్టోజీకి, మోర్టెన్ మెల్డల్‌కి, బారీ షార్ప్‌లెస్‌కి వచ్చింది ఈ కోవ పనికే. పుస్తకంలో చదివాను, ఎమ్మెస్సీ సెమినార్లో చెప్పాను కూడా. కానీ చీకటి గదిలో మైక్రోస్కోపు మీద వంగితే, నల్లటి తెర మీద ఒక్కో కణం అంచు పచ్చగా వెలిగింది. నేను ఫ్లాస్కులో కట్టిన అణువు అది. ప్రాణమున్న కణం దాన్ని ఒంటి మీద వేసుకుని కూర్చుంది. పక్క గదిలో ఉన్న నెల్లూరు అక్కని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. చూసి, మెచ్చుకుని, వెంటనే అడిగింది: "మరి పిడి లేని చక్కెర పెట్టినవి చూపించు. అవి చీకటిగానే ఉన్నాయా?"

ఉన్నాయి. కానీ ఆ ప్రశ్న దగ్గరే ఈ చదువంతా ఉంది. కణాలు చూసేవాళ్లు మొదట కంట్రోల్ ఏదని అడుగుతారు. కెమిస్టులు మొదట సీసాలో ఉన్నది నిజంగా ఆ అణువేనా, ఎన్.ఎం.ఆర్. చూపించు అంటారు. వారం వారం జరిగే మీటింగులో రెండు ప్రశ్నలూ మీ మీదికే వస్తాయి. కొత్త అణువు కణాన్ని చంపిందనుకోండి, చాలదు. దాదాపు అదే ఆకారంలో, ఒక్క పరమాణువు తేడాతో, పనిచేయని జంటను కూడా కట్టాలి. అది చంపకూడదు. అణువు పట్టుకునే ప్రోటీన్‌ను కాస్త మార్చిన కణంలో మందు పనిచేయడం ఆగిపోవాలి. అప్పుడుగాని నమ్మరు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి లెక్కల నుంచి వచ్చింది, ఒకబ్బాయి షాంఘైలో సింథసిస్ చేసొచ్చాడు, ఇంకొకరు బాక్టీరియాల మనిషి. మొదటి నెలల్లో ఒకరి స్లైడ్ ఒకరికి అర్థం కాక అందరం ఒకటే ముఖం పెట్టేవాళ్లం. అర్థం కాలేదని చేయెత్తి చెప్పడం ఇక్కడ తప్పు కాదు. మన క్లాసుల్లో ఆ చేయి ఎత్తడానికి ఎంత ధైర్యం కావాలో మీకు తెలుసు.

తిండి గురించి చెప్పకపోతే మా అమ్మ ఊరుకోదు. సెమినార్ అంటే బేగల్, జర్నల్ క్లబ్ అంటే పిజ్జా. రోడ్డు పక్క బండి మీద పసుపు అన్నం, కోడి ముక్కలు, తెల్ల సాస్ పెట్టిస్తారు, ఆకలేసిన రాత్రికి అదే బిర్యానీ. కరివేపాకు, గోంగూర పచ్చడి కావాలంటే 7 నంబరు రైల్లో జాక్సన్ హైట్స్ వెళ్లాలి. అదే రైలు చివరిదాకా వెళ్తే ఫ్లషింగ్. అక్కడ బౌన్ స్ట్రీట్‌లో వినాయకుడి గుడి, 1977లో ప్రతిష్ఠ చేసింది. గుడి కింద క్యాంటీన్లో దోసె. "పోదాం పద" అని అక్క మొదటిసారి తీసుకెళ్లిన ఆదివారం, ఆ హాల్లో సాంబారు వాసన, ట్రేల చప్పుడు, నాలుగు భాషల్లో పిల్లల గోల. మా పిఠాపురం గుడిలోనో, అన్నవరం కొండ మీదో ప్రసాదం వరసలో నిలబడ్డట్టే ఉంది.

డబ్బు సంగతి అడిగేవాళ్లకు: ఫీజు కట్టక్కర్లేదు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, ఇల్లు సంస్థే తక్కువ అద్దెకు చూపిస్తుంది. కొందరికి నది మధ్యలో రూజ్‌వెల్ట్ ఐలాండ్ మీద దొరుకుతుంది. అలా దొరికితే ఎగిరి గంతేయండి. 1976 నుంచి నడుస్తున్న ట్రామ్‌వే కేబుల్ కారు మిమ్మల్ని రోజూ నది మీదుగా, క్వీన్స్‌బరో వంతెన పక్కనుంచి తీసుకెళ్తుంది, సబ్‌వే టికెట్ ధరకే. జనవరిలో నది గాలి మాత్రం చెవులు కోసేస్తుంది. కోటు ఇక్కడే కొనండి. హైదరాబాద్‌లో కొన్నది ఆ గాలికి ఆగదు.

ఇప్పుడు మన సంగతికొస్తాను. ల్యాబు ఫ్రిజ్‌లో ఒక రోజు చిన్న సీసా చూశాను: మెథోట్రెక్సేట్ అనే మందు తగిలించిన పూసలు. ఒక ఎంజైమును మిగతా ప్రోటీన్ల నుంచి లాగడానికి గాలంగా వాడతారు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఆ ఎంజైము పూసలను పట్టుకుంటుంది, మిగతావి కడిగితే పోతాయి. మెథోట్రెక్సేట్! ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం చేసింది. భీమవరంలో 1895లో పుట్టిన మనిషి, మద్రాసులో డాక్టరీ చదివి హార్వర్డ్‌కి వెళ్లినవాడు. అక్కడ సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను నీలి రంగుతో కొలిచే పద్ధతి చెప్పాడు, ఆ రంగు వెంటే వెళ్లి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని పట్టుకున్నాడు. 1940లో లెడర్లీ ల్యాబరేటరీస్ అనే మందుల కంపెనీలో చేరి, ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా చేయించాడు, దానికి అడ్డం పడే అణువులు చేయించాడు. వాటితోనే సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు పిల్లల ల్యుకేమియాను మొదటిసారి కొంతకాలం అణిచిపెట్టాడు, 1948లో. ఒక విటమిన్‌ను అర్థం చేసుకుని, దాని ఆకారాన్ని కాస్త మార్చి, కణాన్ని ఆపడం: దీనికి పేరు లేని రోజుల్లోనే కెమికల్ బయాలజీ చేశాడాయన. మా ఇంటికి ఆయన పని ఇంకో దారిలో కూడా వచ్చింది. బోదకాలు రాకుండా ఏటా ఆశా కార్యకర్త వచ్చి ఎదురుగా నిలబడి మింగించే డి.ఇ.సి. మాత్ర ఉంది చూశారూ, గోదావరి జిల్లాల వాళ్లందరికీ తెలిసిందే, అదీ 1947లో ఆ లెడర్లీ నుంచే వచ్చింది. చిన్నప్పుడు ఆ మాత్ర మింగి ముఖం చిట్లించాను. ఆ మందు పుట్టిన ఊరు, పెర్ల్ రివర్, ఇప్పుడు రైలెక్కి వెళ్లేంత దగ్గర.

అందుకే వెళ్లాను. పెన్ స్టేషన్లో ఎక్కి సికాకస్‌లో మారి పాస్కాక్ వ్యాలీ లైన్ పట్టుకుంటే పెర్ల్ రివర్ వస్తుంది, న్యూజెర్సీ దాటగానే న్యూయార్క్ రాష్ట్రంలో మొదటి స్టేషన్. చిన్న ఊరు, మెయిన్ రోడ్డు మీద ఐరిష్ పబ్బులు, పచ్చటి జెండాలు, ఒక డైనర్. స్టేషన్ నుంచి దాదాపు అరగంట నడిస్తే పాత లెడర్లీ స్థలం వస్తుంది. కంపెనీలు చేతులు మారి ఫైజర్ చేతికి వచ్చింది, కోవిడ్ వ్యాక్సిన్ పని కొంత ఇక్కడే జరిగింది. కంచె అవతల ఇటుక భవనాలు, ఖాళీ పార్కింగ్, గేటు దగ్గర సెక్యూరిటీ. లోపలికి రానివ్వరు, నేనూ అడగలేదు. ఏ కిటికీ వెనక ఆయన కూర్చునేవాడో చూడాలని కంచె పొడుగునా నడిచాను. 1948 ఆగస్టులో ఆయన పోయింది ఈ ఊళ్లోనే, యాభై మూడేళ్లకు. తిరిగి వచ్చి డైనర్లో కాఫీ తాగుతూ వడ్డించే ఆవిడతో మాట కలిపాను. ఆమె తండ్రి లెడర్లీలో పనిచేశాడట. సుబ్బారావు పేరు వినలేదంది. కాగితం నాప్కిన్ మీద ఆ పేరు రాయించుకుని, అక్షరాలు కూడబలుక్కుని పలికి, మడిచి ఏప్రాన్ జేబులో పెట్టుకుంది. ఇంటికెళ్లి నాన్నని అడుగుతానంది.

మీరూ వెళ్తే ఆ డైనర్లో ఆగి ఆమెను అడగండి, వాళ్ల నాన్న ఏమన్నాడో. శని ఆదివారాల్లో ఆ లైను మీద రైళ్లు తక్కువ, తిరుగు రైలు టైము చూసుకున్నాకే కాఫీ చెప్పండి.